మూడో సిలిండర్

ఛారో కళ్లు తెరిచాడన్న కబురు వచ్చేసరికి ఇన్‌స్పెక్టర్ వకేషో నోటి నిండా మహమ్రి ఉంది. కొబ్బరిపాలతో కలిపి, యాలకులు దంచి వేసి, నూనెలో బంతుల్లా పొంగించిన మహమ్రి. పక్కన కొబ్బరిపాలలో ఉడికిన కందులు. ఎదురుగా చెంపకి చెయ్యి ఆనించుకుని, తను తింటుంటే చూస్తూ కూర్చున్న కియోకో. పెళ్లై ఇంకా నెల తిరగలేదు. ఆ చూపు ఆమెకి అలవాటు కాలేదు. అలవాటు కాకుండా ఉంటేనే బాగుండునని కూడా అనిపిస్తోంది.

ఫోన్‌లో నర్సు గొంతు. "మాట్లాడుతున్నాడు మేడమ్. ముందు భార్యని పిలిచాడు. తర్వాత ఎవరైనా పోయారా అని అడిగాడు."

"ఏం చెప్పారు?"

"నాకు నోరు రాలేదు. మీరే వచ్చి చెప్పుకోండి."

వకేషో కుర్చీలోంచి ఎగిరినంత పని చేసింది. "బతికాడు కియోకో! బతికాడు, మాట్లాడుతున్నాడు!" అంటూ నూనె చేతులతోనే మొగుడి మెడ చుట్టేసింది. అతని చొక్కా మీద పడ్డ వేలిముద్రలు చూసి ఇద్దరూ నవ్వుకున్నారు. అంతలోనే ఆమె నవ్వు ఆగిపోయింది.

"ఏమైంది?"

"ఆస్పత్రి నుంచి నాకు కబురొచ్చిందంటే, ఈపాటికి ఇంకొకరికి కూడా వచ్చే ఉంటుంది."

 కియోకో గుమ్మం దాకా వచ్చి, రాత్రి తను కట్టిన మల్లెదండ ఆమె జడలో తురిమాడు. అతను ఎప్పటికంటే ఎక్కువసేపు సర్దుతున్నాడని ఆమెకి తెలిసింది.

అసలు సంగతి ఇది. మొన్న మంగళవారం పొద్దున రేవు పక్క పేట షిమాంజీలోని ఒక టీ గోదాములో మంట లేచింది. సంచుల్లోంచి టీ తీసి రుచి చూసి నాణ్యం చెప్పే మ్వారింగా అక్కడికక్కడే పోయాడు. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ఛారో ఒళ్లు కాలి, స్పృహ తప్పి ఆస్పత్రిలో పడ్డాడు. ఛారో ఆ పొద్దున బండికి గ్యాస్ సిలిండర్ మార్చాడు. రేవు స్టేషన్ ఇన్‌స్పెక్టర్ ఒగేటోకి ఆ ఒక్క ముక్క చాలింది. నిర్లక్ష్యంతో మనిషిని చంపాడని కేసు రాసేశాడు. సంకెళ్లు వెయ్యడానికి వాడికి మెలకువ రావడమే తరువాయి. అయితే మ్వారింగా చెల్లెలు పోలీసుల పెద్ద ఆఫీసుకి వెళ్లి కూర్చుంది. "పోయే ముందు వారమంతా మా అన్నకి నిద్ర లేదు. సంచి మీద పేరు ఒకటి, లోపల టీ ఇంకొకటి అన్నాడు. ఎవరికి చెప్పాలో తెలియట్లేదన్నాడు" అంది. అందుకే వకేషోని పంపారు.

ఆస్పత్రి మంచం మీద ఛారోకి రెండు చేతులూ మోచేతుల దాకా తెల్లటి కట్లు. మొహం మీద మందు జిడ్డుగా మెరుస్తోంది. భార్య న్యేవు గ్లాసు పట్టుకుని చెంచాతో నీళ్లు పోస్తోంది.

"మ్వారింగా పోయాడు, ఛారో." వకేషో ముందే చెప్పేసింది. మనిషి దగ్గర ఒకటి దాచి ఇంకొకటి అడగడం ఆమెకి చేతకాదు.

ఛారో కళ్లు మూసుకున్నాడు. "టీలో చక్కెర వేసేవాడు కాదు" అన్నాడు. "రుచి పాడవుతుందనేవాడు. రోజూ పోట్లాడేవాణ్ణి."

న్యేవు అతని నుదురు తుడిచింది.  వకేషో స్టూలు దగ్గరికి లాక్కుంది.

"సిలిండర్ ఎలా మార్చావో చెప్పు."

"ఎప్పుడూ మార్చినట్టే."

"నాకేం తెలీదనుకుని చెప్పు."

కట్లు కట్టిన చేతులు దుప్పటి మీద కదిలాయి, అక్కడ సిలిండర్ ఉన్నట్టు. "బండి ఆపి, ఫోర్కులు నేలకి దించి, హ్యాండ్‌బ్రేకు వేశాను. ఇంజిన్ ఆపలేదు. అది తిరుగుతుండగానే సిలిండర్ వాల్వు మూశాను. గొట్టంలో మిగిలిన గ్యాస్ కాలిపోవాలి కదా మేడమ్. బండి దగ్గి దగ్గి ఆగిపోయింది. అప్పుడు తాళం తిప్పాను. చేతులకి తోలు తొడుగులు వేసుకున్నాను. లోపల ఉండేది నీళ్లలాంటి గ్యాస్. చేతి మీద చిందితే మంచు కాల్చేస్తుంది, తోలు ఊడొస్తుంది. గొట్టం చేత్తోనే విప్పాను. బెల్టు తీసి పాతది దించాను. కొత్తదాని రబ్బరు వాషరు చూశాను, బాగుంది. సొట్టలేమీ లేవు. పిన్ను కన్నంలో కూర్చుంది. బెల్టు వేసి, గొట్టం తగిలించి, వాల్వు మెల్లిగా తిప్పాను. గబుక్కున తిప్పితే లోపల అడ్డు పడిపోతుంది, గ్యాస్ రాదు. సబ్బునురగ రాశాను. ఒక్క బుడగ లేవలేదు."

"ఇదంతా ఎక్కడ?"

ఛారో చూపు దుప్పటి మీదికి దించాడు. న్యేవు అతని వంక చూసింది.

"చెప్పు" అంది భార్యే.

"లోపల. కాటా పక్కన."

"బయట సిలిండర్లు పెట్టే ఇనప పంజరం దగ్గర కదా మార్చాల్సింది?"

"కుండపోతగా వాన మేడమ్. మేనేజరుగారే అన్నారు. తడిసి జ్వరం తెచ్చుకుంటావు, ఈ ఒక్కసారికీ లోపలే కానిచ్చెయ్ అని. ఎప్పుడూ అనని మనిషి. నా మీద అంత దయ ఏమిటా అనుకున్నాను."

"పాత సిలిండర్ ఏం చేశావు?"

"భుజాన వేసుకుని వెళ్లి పంజరంలో పెట్టి తాళం వేశాను. దానికి మాత్రం తడవక తప్పలేదు. తిరిగొచ్చేసరికి మ్వారింగా టీ తాగుతావా అన్నాడు. కరెంటు పొయ్యి మీట నొక్కాడు." ఛారో కళ్లు నేల మీదికి పోయాయి. "నేల మీద నీలం గుడ్డ పరుచుకున్నట్టు అయింది మేడమ్. అది నా వైపు పరిగెత్తుకొచ్చింది."

"అంతకుముందు గ్యాస్ వాసన వచ్చిందా?"

"లేదు."

"బాగా గుర్తు తెచ్చుకో. కుళ్లిపోయిన కంపు ఉంటుంది కదా."

"మా గోదాములోకి ఎవడైనా జేబులో ఉల్లిపాయ పెట్టుకొస్తే నాకు తెలిసిపోతుంది మేడమ్. ఏ వాసనా లేదు. రేకుల మీద వాన చప్పుడు, అంతే."

గుమ్మం దగ్గర ఎవరో తాపీగా చప్పట్లు కొట్టారు. ఇన్‌స్పెక్టర్ ఒగేటో. చంక కింద ఫైలు, వేలికి వేలాడుతున్న సంకెళ్లు.

"కొత్త పెళ్లికూతురు పొద్దున్నే డ్యూటీకి దిగిందే! ఇంట్లో వదిలిపెట్టారా?"

"వదిలిపెట్టారు. టిఫినూ కట్టిచ్చారు. మీకు మిగలలేదు."

"నవ్వొచ్చింది, తర్వాత నవ్వుతాను." ఒగేటో మంచం దగ్గరికి వచ్చాడు. "లోపల మార్చానని తన నోటితోనే ఒప్పుకున్నాడు. నాకు ఇంకేం అక్కర్లేదు. కాలు ఇటివ్వు బాబూ, చేతులకెలాగూ కట్లున్నాయి."

"మేనేజరు మార్చమన్నాడని కూడా అదే నోటితో చెప్పాడు."

"ముగెండిగారు అనలేదంటున్నారు. పైగా గ్యాస్ కంపు కొట్టి ఆయన మెట్ల మీంచి అరిచారట, 'ఛారో, వాల్వు చూసుకో' అని. వీడు వినిపించుకోలేదు. సంతకం కూడా పెట్టారు."

"నేను వినకపోవడం కాదు, ఆయన అరవలేదు!" ఛారో లేవబోయి మూలిగాడు. న్యేవు అతని భుజాలు పట్టుకుంది. ఆమె కళ్లు మాత్రం సంకెళ్ల మీదే ఉన్నాయి.

వకేషో మంచానికీ ఒగేటోకీ మధ్యకి వచ్చి నిలబడింది. "సాయంత్రం దాకా ఆగండి. ఈ ఒంటితో ఎక్కడికి పారిపోతాడు? ఈలోపు మీరూ నేనూ వెళ్లి ఆ గోదాము ఒకసారి చూద్దాం."

"నేను చూశాను."

"నేను చూళ్లేదు. సాయంత్రానికి నా చేతిలో ఏమీ లేకపోతే, ఆ సంకెళ్లు నేనే పట్టుకుంటాను, మీరు తాళం వేద్దురుగాని."

ఒగేటో ఆమెని ఎగాదిగా చూశాడు. "మాట మీద ఉంటారా?"

"మొన్ననే చర్చిలో ఒకటి ఇచ్చాను. దాని మీదే ఉన్నాను."

వెళ్తూ వెళ్తూ న్యేవు చేతిలో తన నంబరు పెట్టింది. "ఎంత చిన్నదైనా సరే, తేడాగా అనిపిస్తే ఫోన్ చెయ్యి. ఇతన్ని వదిలి ఎక్కడికీ పోకు."

"వంటకి మాత్రం వెళ్లాలక్కా. రోగుల మనుషులమందరం షెడ్డులోనే వండుకుంటాం. ఇదిగో, ఈ కిటికీ కిందే."

గోదాము గేటు దగ్గర కాపలావాడు వకేషోకి సెల్యూట్ కొట్టి, ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "పూలు మేడమ్."

"పూలకేమైంది?"

"లోపలికి రానివ్వకూడదు. టీ తాగేస్తుంది."

నిజమే. పక్కన ఏ వాసన ఉంటే దాన్ని టీ పీల్చేసుకుంటుంది. అందుకే అక్కడ అత్తరు పూసుకుని ఎవరూ రారు, చేపల కూర డబ్బా లోపలికి రాదు, డీజిలు బండి గడప తొక్కదు. ఫోర్క్‌లిఫ్టులన్నీ గ్యాస్ మీదే నడుస్తాయి. వకేషో మల్లెదండ తీసి కాపలావాడి కుర్చీ మీద పెట్టింది. ఒగేటో గడ్డం గీసుకున్నాక రాసుకున్న సెంటుకి ఇంకా పెద్ద శిక్ష పడింది. కొళాయి కింద మొహం కడుక్కుని రమ్మన్నారు.

"నేను పోలీసుని రా!"

"టీకి తెలీదు కదా సార్" అన్నాడు కాపలావాడు.

మేనేజరు ముగెండి ఎదురొచ్చాడు. సన్నటి మనిషి, ఉతికిన తెల్లచొక్కా, మెత్తటి గొంతు. కొండమీది టీ తోటల్లో పుట్టి, ఆకు వాసనలోనే పెరిగినవాడు. ఛారోకి మెలకువ వచ్చిందని వకేషో చెప్పకముందే, "దేవుడు చల్లగా చూశాడు" అన్నాడు. "తప్పు చేసినా మావాడే కదా మేడమ్. వాడి భార్య ఆస్పత్రిలో ఎన్ని అగచాట్లు పడుతోందో. ఇవాళే కొంచెం సామాను పంపించాను."

"మంచి పని చేశారు" అంది వకేషో.

కాటా దగ్గర మ్వారింగా రుచి చూసే బల్ల ఒకవైపు కూలబడి ఉంది. తెల్ల కప్పుల పెంకులు ఇంకా ఎవరూ ఊడ్వలేదు. వకేషో మోకాళ్ల మీద కూర్చుంది. సంచుల్ని తూచే పెద్ద ఇనప పళ్లెం నేల మట్టానికి ఉంది, దాని కింద గొయ్యి. గొయ్యి అంచులు నల్లబడ్డాయి. చుట్టూ ఉన్న స్తంభాల మీద మసి మోకాలి ఎత్తు వరకే ఉంది. ఆ పైన సున్నం తెల్లగానే ఉంది.

"చూశారా? గ్యాస్ గాలి కంటే బరువు. పైకి పోదు, నేలని పట్టుకుని పాకుతుంది. గొయ్యి కనిపిస్తే దిగి కూర్చుంటుంది. గొయ్యి పక్కనే మ్వారింగా పొయ్యి."

"ఇది నాకూ తెలుసు" అన్నాడు ఒగేటో. "ఎక్కడి నుంచి పాకిందో కూడా తెలుసు. అదిగో."

మొదటి వరస సంచుల వెనక, గోడకి చేరగిలబడినట్టు ఒక సిలిండర్. రంగు పొక్కులు లేచింది. వాల్వు కొంచెం తెరిచే ఉంది. గొట్టం తగిలించే మూతిలో సన్నటి ఇనప తీగ ముక్క ఒకటి ఇరుక్కుని కనబడింది. మామూలుగా గొట్టం లేనప్పుడు ఆ మూతి తనంతట తనే మూసుకుపోతుంది. తీగ దాన్ని మూసుకోనివ్వలేదు.

"ఈ తీగ మీ రిపోర్టులో లేదే?"

"చెత్త పడి ఉంటుందనుకున్నాను." ఒగేటో గొంతు కొంచెం తగ్గింది. వెంటనే పుంజుకుంది. "తీగ సంగతి అలా ఉంచండి. ఇది వాడు బండిలోంచి దించిన పాత సిలిండర్. వాల్వు మూయడం మరిచిపోయాడు. అంతే."

"బండి దగ్గి ఆగిపోవడం గేటు దగ్గరివాళ్లు కూడా విన్నారని మీరే రాశారు. ఎందుకాగింది? లోపల గ్యాస్ అయిపోయి ఆగిందనుకోండి, అప్పుడు దీనిలోంచి కారడానికి ఏముంది? వాల్వు మూస్తే ఆగిందనుకోండి, అప్పుడు వాల్వు మూసే ఉంది. మీకు ఏది కావాలో తీసుకోండి."

ఒగేటో రెండూ తీసుకోలేదు. "మాటలు బాగా చెప్తారు. కోర్టులో మాటలు చెల్లవు."

"సరే, పనిచేసి చూపిస్తాను. పంజరం తాళం తెప్పించండి."

పంజరంలోంచి ఛారో పెట్టిన పాత సిలిండర్ తెప్పించింది. మంట అంటని రెండో ఫోర్క్‌లిఫ్ట్ వెనక సిలిండర్ కూర్చునే ఖాళీ ఇనప ఊయల మీద దాన్ని పడుకోబెట్టించింది. ఊయలలోంచి పైకి పొడుచుకొచ్చిన పిన్ను, సిలిండర్ మెడపట్టీలోని కన్నంలోకి టక్కున దిగింది. బెల్టు హాయిగా బిగిసింది.

"ఈ పిన్ను ఎందుకో తెలుసా? సిలిండర్ ఒకే తీరున పడుకోవాలి. ఒత్తిడి పెరిగితే తెరుచుకునే చిన్న వాల్వు ఎప్పుడూ పైకే ఉండాలి. అది కిందికి తిరిగిందంటే ఆవిరి బదులు నీళ్లగ్యాసు చిమ్ముతుంది. అందుకని కన్నం లేని సిలిండర్ ఈ బండెక్కదు. ఇప్పుడు దాన్ని పెట్టండి."

పొక్కులెక్కిన సిలిండర్ని ఇద్దరు మనుషులు ఎత్తి పడుకోబెట్టారు. అది పిన్ను మీద ఎక్కి కూర్చుంది. అటు తిప్పారు, ఇటు తిప్పారు. మెడపట్టీ చుట్టూ ఎక్కడా కన్నం లేదు. బెల్టు జానెడు అందలేదు.

ఇద్దరూ దాన్ని కిందికి దించారు.

"బండి మీద ఒకటి, పంజరంలో ఒకటి" అంది వకేషో. "ఈ మూడోది ఏనాడూ ఈ గోదాములో బండెక్కలేదు. ఛారో దీన్ని ముట్టుకోనే లేదు. ఎవరో బయట నుంచి తెచ్చి, సంచుల వెనక దాచి, ఛారో సిలిండర్ మార్చే వేళకి దీని వాల్వు తిప్పారు. తప్పు వాడి నెత్తిన పడాలని. వాన చప్పుడులో దీని బుస వినబడలేదు."

ఒగేటో సిలిండర్ మెడ మీద వేలు పెట్టి మొత్తం చుట్టూ తిప్పాడు, కన్నం ఎక్కడో దాక్కుని ఉన్నట్టు. దొరకలేదు. "బుస వినబడలేదు, ఒప్పుకుంటాను" అన్నాడు చివరికి. "కంపో? ముగెండిగారికి మెట్ల మీదికి కొట్టిన కంపు, పక్కనే ఉన్న ఆ ఇద్దరికీ కొట్టలేదా?"

"నేనూ అదే అడుగుదామనుకుంటున్నాను. ముగెండిగారూ, మాకో సాయం చేస్తారా? ఇక్కడ టీ రుచి చూడగలిగినవాళ్లు ఇప్పుడు మీరొక్కరే."

ముగెండి తల పంకించాడు. ఆ మాటకి అతని మొహంలో చిన్న వెలుగు కూడా వచ్చింది.

మూడో సిలిండర్‌ని ఆనుకుని ఉన్న అడుగు సంచిలోకి బోలుగొట్టం గుచ్చి వకేషో పిడికెడు టీ తీయించింది. పై ఆఫీసులో నీళ్లు మరగబెట్టించింది. రెండు తెల్ల కప్పులు వరసగా పెట్టారు, ఒకటి ఆ సంచిది, ఇంకొకటి గోదాము అవతలి చివరది. ముగెండి చెంచాతో తీసుకుని, పెద్ద చప్పుడుతో పీల్చి, నాలుక మీద తిప్పి, బకెట్లో ఉమ్మాడు. కళ్లు సగం మూసుకున్నాడు. ఆ క్షణం అతనికి అక్కడ పోలీసులు లేరు, చావు లేదు, టీ ఒక్కటే ఉంది.

"ఏముంది?"

"పొగ. కాలిన కాగితం, సంచులది."

"ఇంకా?"

"అడుగున కొంచెం తేమ. వాన కదా." ఇంకో చెంచా పీల్చాడు. "ఇంతే. ఇంకేం లేదు."

"సరిగ్గా చూడండి. ఖరీదైన సరుకు కదా."

"ముప్పై ఏళ్లుగా ఈ నాలుకతోనే బతుకుతున్నాను మేడమ్. ఇంకేం లేదంటే లేదు."

"గ్యాస్ కంపు?"

చెంచా కప్పు అంచుకి తగిలి మోగింది.

ఒగేటో మెల్లిగా తల తిప్పాడు. వకేషో గొంతు పెంచలేదు. "గుమ్మంలో నా మల్లెపూలని కూడా రానివ్వలేదు మీవాళ్లు. సిలిండర్‌ని ఆనుకుని కూర్చున్న టీకి అంటని కంపు, మెట్ల పైనున్న మీ ముక్కుకి ఎలా అంటింది? నేలని వదలని గ్యాస్ మీ కోసం మెట్లెక్కిందా?"

"గాభరా మేడమ్." ముగెండి గొంతు మళ్లీ మెత్తబడింది. "మనిషి కళ్లెదుట కాలిపోయాడు. తర్వాత ఎవరేమడిగినా అవుననే అన్నానేమో. గ్యాస్ అంటే కంపు ఉంటుంది కదా అని నోటికి వచ్చేసి ఉంటుంది."

"ఉండొచ్చు" అంది వకేషో.

ఉండొచ్చు కూడా. దాంతో మనిషిని పట్టుకుపోలేం. కానీ ఆమె ఇంకో లెక్క వేసింది. వంటగ్యాసుకి కంపు కలిపేది, కారితే తెలియాలని. కంపు కలపని గ్యాస్ దోమల మందు డబ్బాలు, సెంటు డబ్బాలు నింపేచోట దొరుకుతుంది. ఎవరో పనిగట్టుకుని దాన్ని తెచ్చారు. వాసన వస్తే ఛారోకి తెలిసిపోతుంది. వాసన వస్తే టీ కూడా పాడవుతుంది. సంచుల గుట్టు పసిగట్టిన మనిషిని కాల్చడానికి వెనకాడకుండా, టీకి మాత్రం కంపు అంటకుండా చూసుకున్నది ఎవరో ఆమెకి తెలిసింది. రుజువు ఏదీ?

అప్పుడే ఫోన్ మోగింది. న్యేవు.

"అక్కా, చిన్న విషయమే. మేనేజరుగారు స్టవ్వూ సిలిండరూ పంపించారు. వ్యాన్‌వాడే బిగించి పోయాడు. సన్నగా బుస్సుమంటోంది. చెయ్యి పెడితే మంచులా ఉంది. కానీ ఏ వాసనా రావట్లేదు. మా ఇంట్లోదైతే ముక్కు మూసుకోవాలి. మీరు పొద్దున్న ఆయన్ని వాసన గురించే అడిగారు కదా, అందుకని..."

ముగెండి రెండు అడుగుల దూరంలో నిలబడి ఆమెనే చూస్తున్నాడు. వకేషో మొహం నిండా నవ్వు తెచ్చుకుంది. అంత కష్టమైన నవ్వు ఆమె ఎప్పుడూ నవ్వలేదు.

"అయ్యో బంగారం, వంట నువ్వు మొదలుపెట్టకు! నేనొచ్చి చేస్తానన్నానా? ఇంకా వెలిగించలేదు కదా?"

అవతల న్యేవు ఒక్క క్షణం ఆగింది. తెలివైన పిల్ల. "లేదక్కా. పక్కావిడ బొగ్గుల కుంపటి అంటించబోతోంది."

వకేషో సిగ్గుపడ్డట్టు తల వంచి, ముగెండికి వినబడనంత దూరం నడిచింది. "వద్దను! ఆవిణ్ణి అగ్గిపుల్ల గీయనివ్వకు, చెయ్యి పట్టుకుని లాగెయ్. నువ్వూ మీటలేవీ నొక్కకు, ఫ్యాను కూడా. సిలిండర్ నెత్తి మీద తిప్పేది ఉంటుంది చూడు, కుడిచేతి వైపు గట్టిగా తిప్పెయ్. తోలు తొడుగు లేకపోతే మందపాటి గుడ్డ చుట్టుకో, చెయ్యి కాలుతుంది. చుట్టాలందరినీ తీసుకుని బయటికి వెళ్లు. పల్లం వైపు కాదు, ఎత్తు వైపు. గాలి ఎదురొచ్చే వైపు."

ఒగేటో పెదవి విరిచాడు. "కాపురం తర్వాత చెయ్యొచ్చమ్మా."

ఫోన్‌లో అరుపులు, గిన్నెలు దొర్లిన చప్పుడు, ఎవరో ముసలమ్మ తిట్లు. వకేషో నవ్వు చెదరకుండా వింటూ నిలబడింది.  ఎంతోసేపటికి న్యేవు గొంతు వచ్చింది, రొప్పుతూ. "తిప్పేశానక్కా. అందరం బయటున్నాం. ఆయన కిటికీ సరిగ్గా దాని పైనే ఉంది. మూయమని నర్సుకి చెప్పాను."

"నా బంగారమే నువ్వు. అక్కడే ఉండు, మనవాళ్లొస్తారు. చెయ్యి పెట్టినచోట ఇంకెవర్నీ చెయ్యి పెట్టనివ్వకు."

ఫోన్ పెట్టేసి, "వంట రాదు, చేస్తానంటాడు" అంటూ ఏదో టైపు చేసింది. ఒక కబురు పెద్ద ఆఫీసుకి, మనుషుల్ని ఆస్పత్రికి పంపమని. ఇంకొకటి చేసి ఫోన్ ఒగేటోకి అందించింది. "చూడండి, మా ఆయన ఫోటో. అడుగుతున్నారుగా."

అక్కడ ఫోటో లేదు. రెండు వాక్యాలున్నాయి. 'ఛారో కిటికీ కింద ఇప్పుడే ఇంకో సిలిండర్ కారింది, వాసన లేదు. పంపింది ముగెండి.'

ఒగేటో చదివాడు. చదవడం అయ్యాక కూడా చూస్తూనే ఉన్నాడు. అతని చెయ్యి జేబులోకి పోయింది, సంకెళ్లు గలగలమన్నాయి. వకేషో అడ్డంగా తల ఊపింది, కనబడీ కనబడనట్టు. ఇప్పుడే పట్టుకుంటే ముగెండి, వ్యాన్‌వాడు తెచ్చాడంటాడు, కొట్టువాడు ఇచ్చాడంటాడు. మెత్తటి గొంతుతో ఇంకో గాభరా చెప్పుకుంటాడు. సాయంత్రానికి వకీలు వచ్చేస్తాడు.

"బాగున్నాడు కుర్రాడు" అన్నాడు ఒగేటో, ఫోన్ తిరిగి ఇస్తూ. అతని గొంతులో వెటకారం ఎక్కడా లేదు. "మీరు చెప్పినట్టే చేద్దాం, మేడమ్."

ఆమెని అతను మేడమ్ అనడం అదే మొదలు.

వకేషో ముగెండి వైపు తిరిగింది. "మిమ్మల్ని ఇవాళ్టికి వదిలేస్తున్నాం. రేపు ఛారోని ఇక్కడికి తీసుకొస్తున్నాను, చక్రాల కుర్చీలో. చేతులు పనిచెయ్యకపోయినా నోరుంది. ఆ రోజు ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఎవరు ఏమన్నారో ఇదే చోట చెప్తాడు. వాడు చెప్పినట్టల్లా నేనే స్వయంగా బండికి సిలిండర్ మారుస్తాను. మీరు పక్కనే ఉండాలి."

ముగెండి కాసేపు కప్పులో మిగిలిన టీ వంక చూశాడు. తల ఎత్తేసరికి మొహం ప్రశాంతంగా ఉంది.

"తప్పకుండా మేడమ్. ఆడవాళ్లు, మీకు బరువులెందుకు? కొత్త సిలిండర్ నేనే సిద్ధం చేసి పెడతాను."

ఒగేటో చటుక్కున వకేషో వంక చూశాడు. వకేషో మాత్రం చిన్నగా నవ్వింది. ఈసారి నవ్వు కష్టమనిపించలేదు. రేపటి సిలిండర్ మీద వ్యాన్‌వాడి వేలిముద్రలు ఉండవు.

"మీ చేత్తోనే పెట్టండి, ముగెండిగారూ. ఇంకెవరినీ ముట్టుకోనివ్వకండి. రేపు తొమ్మిదింటికి వస్తాం."